మూడో బేస్ మీద యథాతథ స్థితి

మా రేవుపాలెం పురపాలక సంఘంలో బేస్‌బాల్ ప్రవేశపెట్టడానికి కారణం ఆ ఆట మా ఊళ్లో ఎవరికీ రాకపోవడమే. ఎగతాళికి అనడం లేదు. ఉత్తర్వులో ఆ ముక్క స్పష్టంగా ఉంది.

ఉద్యోగుల ఆరోగ్యం కోసం ప్రతి పురపాలక సంఘం ఏదో ఒక క్రీడను చేపట్టాలని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. కమిషనర్ సుధాంశు గారు సెక్షన్ అధికారులందరినీ పిలిచి మీటింగు పెట్టారు. ఎవరో క్రికెట్ అన్నారు. "క్రికెట్ కొందరికి వచ్చు, కొందరికి రాదు. ఇది అసమానతకు దారితీసే అవకాశం కలదు" అన్నారు కమిషనర్ గారు. ఇంకెవరో కబడ్డీ అన్నారు. శానిటేషన్ సెక్షన్ వాళ్లు నిజంగానే బాగా ఆడతారని దాన్ని కొట్టేశారు. వాలీబాల్ అంటే ఇంజనీరింగ్ సెక్షన్లో ఇద్దరు పొడుగువాళ్లున్నారని అభ్యంతరం వచ్చింది. చివరికి కమిషనర్ గారే కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టి, "ఎవరికీ రాని క్రీడలోనే సమాన అవకాశాల స్ఫూర్తి సంపూర్ణంగా సాకారమవుతుంది. బేస్‌బాల్ ఎవరికైనా వచ్చా?" అని అడిగారు.

ఎవరూ చెయ్యెత్తలేదు. ఆ మౌనాన్ని మినిట్స్‌లో ఏకగ్రీవ తీర్మానంగా రాశారు. అలా పుట్టింది రేవుపాలెం పురపాలక వయోజన ఔత్సాహిక బేస్‌బాల్ లీగ్.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. మైదానంలో గాలిపటం ఆకారంలో నాలుగు మూలలుంటాయి. బ్యాటు పట్టుకున్నవాడు నిలబడే మూల పేరు హోమ్, అంటే ఇల్లు. మిగతా మూడు మూలల్లో నేలకు మేకులు కొట్టి బిగించిన తెల్లటి మెత్తలుంటాయి. అవి బేస్‌లు. బంతిని కొట్టినవాడు మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్ తొక్కుకుంటూ తిరిగి ఇల్లు చేరితే ఒక పరుగు. దారిలో ఎవరైనా బంతితో అతన్ని తాకితే అవుట్. కాలు బేస్ మీద ఉందంటే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. మాకు అర్థమైన ఆట ఇంతే. ఆడటానికి ఇంతకన్నా అక్కర్లేకపోయింది.

నేను ఇంజనీరింగ్ సెక్షన్లో వర్క్ ఇన్‌స్పెక్టర్ని. పేరు సోమేశం. మా జట్టులో నన్ను బంతి రాని మూల చూసి నిలబెట్టేవారు. అక్కడికీ అప్పుడప్పుడు వచ్చేది. అదృష్టవశాత్తూ ఆటంతా నామీద ఆధారపడి లేదు. మాకు యాళ్ల నూకరాజు ఉన్నాడు.

నూకరాజు మా సెక్షన్ కిందున్న మంచినీళ్ల ఫిల్టర్ హౌస్‌లో పంపు ఆపరేటరు. కాంట్రాక్టు ఉద్యోగి. పెళ్లయిన ఏడాది చేరాడు. పెద్దకూతురు ఇంటర్ పాసయ్యేనాటికి కూడా కాంట్రాక్టు ఉద్యోగే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గొంతుక్కూర్చుని లేవడానికి సిద్ధంగా ఉన్నట్టుంటాడు. బంతి కొడితే వెనక్కి చూడకుండా పరిగెత్తేవాడు. అతను అంత ప్రాణం పెట్టి ఆడటానికి ఆరోగ్యంతో సంబంధం లేదు. లీగ్ ప్రారంభోత్సవంలో కమిషనర్ గారు మైకులో ఒక వాక్యం చదివారు: "విజేత జట్టులో కాంట్రాక్టు ఉద్యోగులెవరైనా ఉన్నయెడల, వారి సేవల క్రమబద్ధీకరణకై ప్రత్యేక సిఫార్సు చేయబడును." మిగతావాళ్లు చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోయారు. నూకరాజు ఆ రాత్రే ఫిల్టర్ హౌస్ వెనక ఇసకలో పరుగు ప్రాక్టీసు మొదలుపెట్టాడు.

ఫైనల్లో మాకూ రెవెన్యూ సెక్షన్‌కీ పడింది. రెవెన్యూ జట్టుకి నాయకుడు రెవెన్యూ ఆఫీసర్ హరగోపాల్ గారు. మనిషి భారీగా ఉంటాడు. మూడో బేస్ దగ్గర ఆయన్ని నిలబెడితే బేస్ కనిపించదు. అదే ఆయన ఆటలోని నైపుణ్యం. అంపైరు వేగేశ్న తాతాజీ రాజు గారు మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనాయన. ఊళ్లో ఆ ఆట నిబంధనలు మొత్తం చదివిన ఏకైక వ్యక్తి ఆయనే. అందుకే ఆయన మాటకు విలువ ఎంత ఇవ్వాలో లీగ్ నియమావళిలో మరొకరు రాశారు.

ఆ మరొకరు లా ఆఫీసర్ చక్రధరం గారు. ఆ నియమావళిలో ఆట ఎలా ఆడాలన్నది రెండు పేజీలు. మిగిలిన పుస్తకమంతా అప్పీలు ఎలా చేసుకోవాలన్నదే.

హైస్కూలు గ్రౌండులో ఆదివారం పొద్దున మ్యాచి. పరుగులు సమానంగా ఉన్నాయి. ఆఖరి విడతలో నూకరాజు బ్యాటు పట్టుకున్నాడు. వచ్చిన బంతిని ఒక్కటి మోదాడు. అది రెవెన్యూవాళ్ల నెత్తిమీదుగా వెళ్లి కాంపౌండ్ గోడకు తగిలి, గోడవారన మేస్తున్న మేకల మధ్య పడింది. బిల్లు కలెక్టర్లు ఇద్దరు మేకల్ని అదిలిస్తూ బంతి వెతుకుతుండగా నూకరాజు మొదటి బేస్ దాటాడు, రెండోది దాటాడు, మూడోదాని మీదకు నేలబారున దూకి జారాడు. సరిగ్గా అప్పుడే బంతి హరగోపాల్ గారి చేతిలో పడింది. ఆయన వంగి, ఆ వంగడంలోనే ఆలస్యమై, నూకరాజు మోకాలికి దాన్ని తాకించాడు. దుమ్ము లేచింది.

దుమ్ము తగ్గేసరికి నూకరాజు కాలు బేస్ మీద ఉంది. తాతాజీ రాజు గారు రెండు చేతులూ చాచి, "సేఫ్!" అన్నారు.

"అబ్జెక్షన్!" అన్నాడు హరగోపాల్ గారు.

షామియానా కింద మజ్జిగ తాగుతున్న చక్రధరం గారు గ్లాసు కిందపెట్టి, నియమావళి చంకన పెట్టుకుని మైదానంలోకి వచ్చారు. ఆయన నడకలో అంత హుషారు ఆఫీసులో నేనెప్పుడూ చూడలేదు.

"సదరు పరుగు విషయమై అభ్యంతరం దాఖలైనందున, విషయం అప్పీళ్ల కమిటీ పరిధిలోకి వెళ్లినది. కమిటీ నిర్ణయం వెలువడే వరకు ఇరుపక్షాలు యథాతథ స్థితిని పాటించవలెను" అన్నారు.

"అంపైరుగా నేను సేఫ్ అన్నానండి" అన్నారు తాతాజీ రాజు గారు.

"మీ అభిప్రాయం రికార్డు చేయబడింది."

"అభిప్రాయం కాదండి, నిర్ణయం."

"అది నిర్ణయమా అభిప్రాయమా అన్న అంశాన్ని కూడా కమిటీ పరిశీలిస్తుంది."

నూకరాజు కాలు తీయకుండానే అడిగాడు. "యథా… అంటే ఏంటండి?"

"ఎక్కడివారు అక్కడే. ఏ స్థితిలో ఉన్నది ఆ స్థితిలోనే."

మేమంతా ఎక్కడివాళ్లం అక్కడే నిలబడ్డాం. కాసేపటికి షామియానాలోంచి బిర్యానీ వాసన వచ్చింది. రెవెన్యూ సెక్షన్లో అసహనం మొదలైంది. చక్రధరం గారు పుస్తకం తిరగేసి, రెగ్యులర్ ఉద్యోగుల్ని సెలవురోజున ప్రత్యామ్నాయ సెలవు మంజూరు కాకుండా నిలబెట్టడం సర్వీసు రూల్సుకు విరుద్ధం కాబట్టి వాళ్లకు సడలింపు ఇస్తున్నానన్నారు. అందరం షామియానా వైపు నడిచాం. నూకరాజు కూడా ఒక అడుగు వెయ్యబోయాడు.

"నీవు కాదు" అన్నారు చక్రధరం గారు. "నీకు సర్వీసు రూల్సు వర్తించవు. పైగా ఇక్కడ వివాదాంశం నీవే. నీవు కదిలితే వివాదాంశం కదిలినట్టు."

"కాలు తీత్తే ఏమవుద్దండి?"

"స్వచ్ఛందంగా బేస్ విడిచినట్టు. అప్పీలు పెండింగులో ఉన్నంతకాలం చట్టరీత్యా ఆట నడుస్తున్నట్టే. ఎవరైనా బంతితో తాకితే అవుట్."

నూకరాజు హోమ్ వైపు చూశాడు. అది పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. కాలు తీయలేదు.

కమిటీ ఆ వారంలోనే కూర్చోవాల్సింది. సభ్యుల్లో ఒకాయన శిక్షణకు వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి ఇంకొకాయన పదవీకాలం ముగిసింది. ఈలోగా ఎండలు ముదిరాయి. నూకరాజు భార్య నాగవేణి టిఫిన్ క్యారేజీతోబాటు గొడుగు తెచ్చింది. చక్రధరం గారు అది చూసి వెంటనే వచ్చారు.

"గొడుగు యథాతథ స్థితిని మారుస్తుందా అన్నది సున్నితమైన అంశం" అన్నారు. "చేత్తో పట్టుకుంటే అభ్యంతరం లేదు. కర్ర నేలలో దించితే అది కట్టడమవుతుంది. కట్టడానికి టౌన్ ప్లానింగ్ అనుమతి కావాలి."

"చేత్తో పట్టుకుని ఎంతసేపని నిలబడతాడండీ?" అంది నాగవేణి.

"ఆ విషయంలో నియమావళి మౌనంగా ఉందమ్మా."

"మౌనంగా ఉన్నదాన్నట్టుకుని మీరింత మాటాడతన్నారేంటండి మరి?" అని ఆవిడ గొడుగు విప్పి మొగుడి నెత్తిమీద పట్టి, క్యారేజీ మూత తీసింది.

తిండి సంగతి అలా తీరింది. మనిషికి తిండితోబాటు వచ్చే మిగతా అవసరాల సంగతి కమిటీ దాకా వెళ్లాల్సొచ్చింది. వెళ్లాక ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రకృతి అవసరాల నిమిత్తం నూకరాజు బేస్ విడిచినప్పుడు, అదే సెక్షన్‌కు చెందిన రెగ్యులర్ ఉద్యోగి ఒకరు బేస్ మీద కాలు పెట్టి నిలబడవచ్చు. ఆ కాలును 'ప్రతినిధి పాదం'గా పరిగణిస్తారు. ప్రతినిధి పాదంగా నన్ను నియమించారు. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ కూడా పడింది. నా ఉద్యోగ జీవితంలో నా పేరుమీద వచ్చిన మొదటి ప్రత్యేక ఉత్తర్వు అది. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని బంధువులకు చూపిస్తుంది. ఎందుకు చూపిస్తుందో నేను అడగలేదు.

"నా కాలు ఉంటే చాలు కదా, నువ్వు రాత్రికి ఇంటికెళ్లి పడుకుని రావయ్యా" అన్నాను నూకరాజుతో.

"అడిగానండి. నిద్ర ప్రకృతి అవసరం కాదంటండి. ఎవరి నిద్ర ఆళ్ల వ్యక్తిగతమంట."

అతను బేస్ మీద కాలు పెట్టుకునే పడుకునేవాడు. ఫిల్టర్ హౌస్‌లో అతని బదులు ఎవరో ఒకర్ని పెట్టారు. నీళ్లు కొన్ని వీధులకు వేళకు వచ్చేవి కావు, కొన్ని వీధులకు అసలు వచ్చేవే కావు.

ఎట్టకేలకు కమిటీ స్థలపరిశీలనకు వచ్చింది. ముగ్గురు సభ్యులూ చక్రధరం గారూ బేస్ చుట్టూ తిరిగారు. ఘటనను మళ్లీ జరిపించి చూస్తే సత్యం బయటపడుతుందన్నారు. అయితే నూకరాజు బేస్ విడవకూడదు కాబట్టి నూకరాజుగా నన్ను పరిగెత్తమన్నారు. నేను రెండో బేస్ నుంచి బయల్దేరాను. నాకు మధుమేహం ఉంది, మోకాళ్లు సహకరించవు. హరగోపాల్ గారు బంతి పట్టుకుని, ఆవులించి, నాలుగడుగులు ఎదురొచ్చి నా భుజం తట్టాడు.

"నమూనా ప్రకారం రన్నర్ అవుటైనట్టు ప్రాథమికంగా కనిపిస్తోంది" అని కమిటీ రాసుకుంది.

"పరిగెత్తింది ఆయనండి, నేను కాదు" అన్నాడు నూకరాజు.

"నీ పక్షాన పరిగెత్తాడు. వ్యక్తి ముఖ్యం కాదు, పరుగు ముఖ్యం."

తాతాజీ రాజు గారు దూరంగా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన రోజూ వచ్చేవారు. ఎవరూ పిలవకపోయినా వచ్చి, సాయంత్రం దాకా ఉండి వెళ్లేవారు. కమిటీ దగ్గరకు వచ్చి, "నేను చూశానండి. కాలు ముందు పడింది. సేఫ్" అన్నారు. కమిటీ ఆయన చెప్పింది కూడా రాసుకుంది. రాసుకుని, రెండు పరస్పర విరుద్ధమైన ఆధారాలున్నందున లోతైన అధ్యయనం అవసరమని తేల్చుకుని కార్లెక్కింది. ప్రజాధనంతో నడిచే ఆటలో సరిగా పరిగెత్తనందుకు నాకు మెమో ఇచ్చింది.

తొలకరి రోజుల్లో ఒక విచిత్రం జరిగింది. సాకలిపేటనుంచి ఒక ముసలావిడ కాలిబాట పట్టుకుని గ్రౌండులోకి వచ్చి నూకరాజు ముందు చతికిలబడింది.

"బాబూ, మా ఈది కుళాయి రాక పది రోజులు పైనే అయింది. ఆఫీసుకెల్తే సీట్లో ఒక్కడూ లేడు. ఇక్కడొకాయన పొద్దస్తమానం ఉంటాడని సెప్పారు. నువ్వేనా?"

"నేనేనమ్మా" అన్నాడు నూకరాజు. జేబులోంచి ఫోన్ తీసి లైన్‌మన్‌తో మాట్లాడాడు. ఏ వాల్వు తిప్పాలో చెప్పి, తిప్పేదాకా ఫోన్ పెట్టలేదు. సాయంత్రానికి సాకలిపేటకు నీళ్లొచ్చాయి.

మర్నాడు ఆ పేటంతా వచ్చింది. తరవాత ఊరంతా వచ్చింది. వీధిలైటు వెలగనివాళ్లు, జనన ధ్రువపత్రం అందనివాళ్లు, పక్కింటివాడి కాలువ తమ గుమ్మంలోకి మళ్లినవాళ్లు గ్రౌండులో వరస కట్టారు. నూకరాజు దగ్గర ఏ అధికారమూ లేదు. ఎక్కడికీ వెళ్లడన్న ఒక్క సుగుణం ఉంది. వచ్చినవాడు నిన్నటి మనిషిని ఇవాళ కూడా అదే చోట చూస్తున్నాడు. మా పురపాలక సంఘ చరిత్రలో ఇలాంటిది ప్రజలు ఎన్నడూ ఎరగరు. అతను ఫలానా గుమాస్తాకు ఫోన్ చేసి, "వీరు నా ముందే ఉన్నారండి, మీరు చెప్పేదాకా ఉంటారండి, నేనూ ఉంటానండి" అనేవాడు. ఇలాంటి మనిషితో ఎలా వ్యవహరించాలో గుమాస్తాలకు తెలీక పని చేసేసేవారు.

కమిషనర్ గారికి కబురు చేరింది. స్వయంగా వచ్చి జనాన్ని చూశారు. "ప్రజల ముంగిటకు పాలన అన్న మన దార్శనికత ఇక్కడ సహజసిద్ధంగా ఆవిష్కృతమైంది" అన్నారు. వారం తిరక్కుండా ఫ్లెక్సీ వెలిసింది: మూడో బేస్ పౌర సేవా కేంద్రం. ప్రారంభోత్సవానికి బేస్ చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. నూకరాజు రిబ్బను లోపల ఉండిపోయాడు. కమిషనర్ గారు కత్తెరతో కత్తిరించి, అతన్ని దాటి వెళ్లి ఫోటో దిగారు.

కేంద్రమన్నాక ఇంటి నంబరు కావాలన్నారు టౌన్ ప్లానింగ్ వాళ్లు. ఇచ్చారు. నంబరు వచ్చాక పన్ను వెయ్యాలన్నారు రెవెన్యూ వాళ్లు. హరగోపాల్ గారి సంతకంతోనే డిమాండ్ నోటీసు వచ్చింది: మూడో బేస్, అనుభవదారు యాళ్ల నూకరాజు.

నేను ఆ నోటీసు పట్టుకుని చక్రధరం గారి దగ్గరకు పరిగెత్తాను. ఈసారి నిజంగానే పరిగెత్తాను. "ఏమండీ, రెవెన్యూ వాళ్లే ఈయన్ని మూడో బేస్‌కు అనుభవదారని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక అవుట్ ఎలా అంటారు?"

చక్రధరం గారు నోటీసు రెండుసార్లు చదివి, కళ్లు మూసుకుని, "గట్టి పాయింటే" అన్నారు. ఆయన నా వాదనను మెచ్చుకోవడం అదే మొదలు. నేను గ్రౌండుకి వెళ్లి చెబితే నూకరాజు మొహంలో వెలుగొచ్చింది. నాగవేణి జనంలో అందరికీ తలా ఒక బెల్లంముక్క పంచింది.

సాయంత్రానికి హరగోపాల్ గారు ఆ నోటీసును ఉపసంహరించుకుని మరొకటి పంపాడు. అందులో నూకరాజు పురపాలక స్థలంలో ఒక పాదం మేర ఆక్రమించుకున్నాడనీ, ఎందుకు ఖాళీ చేయించకూడదో సంజాయిషీ ఇవ్వాలనీ ఉంది. ఖాళీ చేస్తే అవుట్. చెయ్యకపోతే ఆక్రమణదారు. చక్రధరం గారు రెండో నోటీసు కూడా చదివి, "ఇదీ గట్టి పాయింటే" అన్నారు.

వానలు బాగా పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను ప్రతినిధి పాదం డ్యూటీకి వెళ్లాను. గ్రౌండంతా నీళ్లు. బేస్ ఒక్కటి కొంచెం ఎత్తుగా ఉంది. జనం రాలేదు. నూకరాజు వెంటనే వెళ్లకుండా నా పక్కనే గొడుగు పట్టుకు నిలబడ్డాడు.

"పర్మినెంటు అయితే మొట్టమొదట ఏం చేస్తావు నూకరాజూ?" అని అడిగాను.

"సెలవు పెడతానండి."

"సెలవా?"

"ఆయ్. ఒక్క రోజు. జీతం కొయ్యని సెలవు. మీకందరికీ ఉంటాయి కదండీ. అలా పెడితే ఎలాగుంటాదో సూద్దారని. పొద్దున్నే లేచి, మా ఆవిడితో, ఇయ్యాల నేను సెలవే, అని సెప్పాలండి. అంతే. ఎక్కడికీ ఎల్లను. మంచమ్మీద కూకుంటాను."

నాకు ఆ ఏడాది వాడకుండా మిగిలిపోయిన సెలవులు గుర్తొచ్చాయి. అతను గొడుగు నా చేతికిచ్చి, నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. నేను గొడుగు కింద ఒంటికాలి మీద నిలబడ్డాను.

నాగవేణికి మాత్రం సహనం తగ్గిపోతోంది. పెద్దమ్మాయి డిగ్రీలో చేరింది. తండ్రి సంతకం కోసం పిల్లను గ్రౌండుకు తీసుకొచ్చింది. చిన్నమ్మాయికి జ్వరమొస్తే ఆస్పత్రికి తనే మోసుకెళ్లింది. ఒకరోజు క్యారేజీ కింద పెట్టి, అందరూ వింటుండగా అనేసింది. "ఈయన పర్మినెంటు అవుతాడో లేదో గానీ, నేను మాత్రం ఒంటి కాపురానికి పర్మినెంటయిపోయాను."

నూకరాజు తల దించుకుని, "ఇంకెంతోకాలం పట్టదే. పైనోళ్లు ఏదో ఆలోసిత్తన్నారంట" అన్నాడు.

పైవాళ్లు నిజంగానే ఆలోచిస్తున్నారు. దసరా వెళ్లాక కమిషనర్ గారు స్వీటు ప్యాకెట్టుతో గ్రౌండుకి వచ్చారు. వెనక చక్రధరం గారు, హరగోపాల్ గారు. గేటు దగ్గర తాతాజీ రాజు గారు మామూలుగానే ఉన్నారు.

"శుభవార్త" అన్నారు కమిషనర్ గారు. "మూడో బేస్ కేంద్రం ప్రాముఖ్యతను గుర్తించి ప్రభుత్వం ఇక్కడ శాశ్వత ప్రాతిపదికన ఒక పోస్టు మంజూరు చేసింది. బేస్ సహాయకుడు. రెగ్యులర్ స్కేలు."

నూకరాజు చేతులు జోడించాడు. పక్కన క్యారేజీ విప్పుతున్న నాగవేణి వైపు చూశాడు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను అతని చెయ్యి పట్టుకుని ఊపేశాను.

"అభ్యర్థికి పట్టభద్రత తప్పనిసరి" అని చక్రధరం గారు ఉత్తర్వులో మిగతాది చదివారు. "గరిష్ఠ వయోపరిమితి దాటరాదు. పౌర సేవా కేంద్రం నిర్వహణలో అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం."

నూకరాజు పదో తరగతి. వయసు ఆ పరిమితిని ఎప్పుడో దాటింది. అయినా ఆఖరి ముక్క పట్టుకున్నాడు. "అనుభవం నాకుంది కదండీ? ఇన్నాళ్లనుంచీ ఈ పని సేత్తన్నది నేనే కదా?"

"నీవు చేసింది పని కాదు" అన్నారు చక్రధరం గారు, ఎంతో మృదువుగా. "యథాతథ స్థితి. దాన్ని అనుభవంగా లెక్కించే వీలు లేదు."

కమిషనర్ గారు స్వీటు ప్యాకెట్టు అతని చేతిలో పెట్టి, "నీ సేవలు సంస్థ ఎన్నటికీ మరువదు" అన్నారు.

పోటీపరీక్ష జరిగింది. హరగోపాల్ గారి బావమరిది కొడుకు వినీల్ ఎంపికయ్యాడు. కుర్రాడు మంచివాడే. చేరడానికి వచ్చినరోజు తెల్ల చొక్కా, కొత్త బూట్లు వేసుకుని, బురద తగలకుండా జాగ్రత్తగా నడిచి వచ్చాడు. ఛార్జి అప్పగింతకు చక్రధరం గారు వచ్చారు. మేనల్లుణ్ని దీవించడానికి హరగోపాల్ గారు కూడా వచ్చాడు. ఆయన కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది.

"బేస్ మీద ఇద్దరు ఉండరాదు" అన్నారు చక్రధరం గారు. "పాతవారు కాలు తీసిన తరవాతే కొత్తవారు పెట్టవలెను."

నూకరాజు ఒక్క క్షణం ఆగాడు. కిందకు, తన పాదం వైపు చూసుకున్నాడు. మెత్తమీద ఆ పాదం ఆకారంలో గుంట పడి ఉంది. కాలు తీసి పక్కన గడ్డిలో పెట్టాడు.

హరగోపాల్ గారి చెయ్యి జేబులోంచి బయటకొచ్చింది. అందులో ఆ బంతి ఉంది. ఫైనల్ నాటినుంచీ ఆయన దాన్ని తనతోనే పెట్టుకు తిరుగుతున్నాడని మాకు అప్పుడు తెలిసింది. ఒక్క అడుగు ముందుకేసి నూకరాజు మోచేతికి తాకించి, "అవుట్!" అని అరిచాడు.

చక్రధరం గారి మొహం విచ్చుకుంది. "అప్పీలు పెండింగులోనే ఉంది. ఆట నడుస్తున్నట్టే. అంపైరు గారూ!" అని పిలిచారు.

తాతాజీ రాజు గారు గేటు దగ్గరనుంచి నెమ్మదిగా నడిచొచ్చారు. నూకరాజు కాలు ఎక్కడుందో చూశారు. బంతిని చూశారు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు.

"బేస్ మీద కాలు లేదండి" అన్నారు. "బంతి తగిలింది. అవుటేనండి." తరవాత ఎవరివైపూ చూడకుండా మెడలోని విజిల్ తీసి జేబులో వేసుకున్నారు.

"ఈ నిర్ణయం మీద ఎవరికైనా అభ్యంతరం కలదా?" అన్నారు చక్రధరం గారు, పుస్తకం తెరిచిపెట్టుకుని.

నా ఒళ్లు మండిపోయింది. "అబ్‌…" అని నోరు తెరిచాను. నూకరాజు రెండంగల్లో వచ్చి అరచేత్తో నా నోరు మూసేశాడు.

"మీకు దణ్ణం పెడతాను సోమేశం గారూ, ఆ మాటనకండి. మీరంటే నేను మళ్లీ నిలబడాల." నా నోటిమీద చెయ్యి తీయకుండానే అటు తిరిగి, "అభ్యంతరం లేదండి. అవుటయినోడు ఏం సెయ్యాలండి?" అని అడిగాడు.

చక్రధరం గారు పేజీ తిప్పారు. "అవుటైన ఆటగాడు తక్షణమే మైదానం విడిచి వెళ్లవలెను."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు నూకరాజు.

వినీల్ బేస్ పక్కన కుర్చీ వేయించుకుంటున్నాడు. హరగోపాల్ గారికి వెంట వచ్చిన రెవెన్యూవాళ్లు దండ వేస్తున్నారు. ఇవేవీ చూడకుండా నూకరాజు గ్రౌండు దాటి గేటు వైపు నడిచాడు. మొదట్లో కాళ్లు తడబడ్డాయి. ఇన్నాళ్లు ఇంత దూరం వరసగా నడిచింది లేదు కదా. సగం దూరం వెళ్లాక సర్దుకున్నాయి. సాయంత్రపు క్యారేజీ పట్టుకుని నాగవేణి అప్పుడే గేట్లో అడుగుపెడుతోంది. మొగుడు నడిచి ఎదురు రావడం చూసి ఆగిపోయింది.

"ఏవైందయ్యా?"

"అవుటయిపోయాను" అన్నాడు నూకరాజు.

"హమ్మయ్య!" అంది నాగవేణి. క్యారేజీని రెండో చేతిలోకి మార్చుకుని, అతని చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. "పద, ఇంటికెళ్లి కూకుని తిందువు గాని."